అవగాహన సదస్సు అర్ధాంతరంగా ముగిసిన వైనం

మా విశ్రాంత అధికారుల సంఘం నిర్వహించిన మహిళా ఆరోగ్య సదస్సులో వేదికపై ఆసీనులైనవారు, వరుసక్రమంలో: మొదట విశ్రాంత చీఫ్ ఇంజనీరైన అధ్యక్షులు, తరువాత విశ్రాంత ప్రిన్సిపాలైన ఉపాధ్యక్షులు, తరువాత కోశాధికారి, తరువాత కార్యదర్శినైన నేను, చిట్టచివర, స్తంభం చాటున, డాక్టరమ్మగారు. మా సంఘంలో కుర్చీలను పదవీ విరమణ తేదీని బట్టి కేటాయిస్తాము. ఆమె ఇంకా ఉద్యోగంలోనే ఉండటం మా తప్పు కాదు.

సదస్సు రొమ్ము క్యాన్సర్ గురించి. ఆ మాట ఇక్కడ రాయగలుగుతున్నాను గానీ, కార్యవర్గ సమావేశంలో మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. సుదీర్ఘ చర్చ అనంతరం “మహిళలకు సంబంధించిన ఒకానొక విషయంపై అవగాహన” అని బ్యానరు రాయించాము. స్వయంగా పరీక్షించుకునే పద్ధతిని బొమ్మలతో వివరిస్తూ ఆసుపత్రివారు ఒక పటం పంపారు. సభామర్యాద దృష్ట్యా దానిని గోడవైపు తిప్పి తగిలించాము. ఆ విధంగా గోడకు సంపూర్ణ అవగాహన కలిగింది.

బయట ఆవరణలో ఆసుపత్రివారి పరీక్షల బస్సు ఆగి ఉంది. మధ్యాహ్నానికల్లా వేరే పేటకు వెళ్ళాలట. మళ్ళీ ఇటువైపు ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారు. అయినా మహిళలెవరూ అందులోకి వెళ్ళడానికి వీల్లేదు. ఇందుకు బలమైన కారణం ఉంది. క్రితంసారి కంటి పరీక్షల శిబిరం పెడితే, జనమంతా సిగ్గులేకుండా కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళిపోయారు. చూపు ప్రాముఖ్యం గురించి ఉపాధ్యక్షులు ఖాళీ కుర్చీలకు ఉపన్యసించవలసి వచ్చింది. వందన సమర్పణ జరిగేదాకా ఎవరూ సభ వదలరాదని, జరిగిన తరువాత ఎవరూ ప్రసంగించరాదని అప్పటినుంచి నిబంధన చేసుకున్నాము. వందన సమర్పణను మాత్రం మహిళలకే కేటాయిస్తాము. అంతకు మించి వారిని శ్రమపెట్టడం మాకు ఇష్టం ఉండదు. ఆనాడు ఆ గౌరవం అధ్యక్షుల సతీమణికి దక్కింది.

ముందుగా ఉపాధ్యక్షులు స్త్రీమూర్తి ఔన్నత్యాన్ని నదీతీర నాగరికతల కాలం నుంచి అందుకున్నారు. పదకొండు దాటేసరికి ఇనుప యుగానికి వచ్చారు.

నా కుర్చీకి దిగువనే మహిళల మొదటి వరుస. పరుల మాటలు వినే అలవాటు నాకు లేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాను. చెవులకు ఆ సౌకర్యం లేకపోయింది.

“ఎంతుందక్కా?” అని అధ్యక్షుల సతీమణిని ఆమె తోటికోడలు అడిగింది.

“బఠాణీ గింజంత. మొన్న స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. నొప్పేం లేదు.”

“నొప్పి లేదని ఊరుకుంటావా? లేచి బస్సెక్కు ముందు. బావగారికి చెప్పావా, లేదా?”

“చెప్పకేం! సభ అవనీ చూద్దాం, ఇప్పుడు నా బుర్ర తినకు, ఉపన్యాసం రాసుకుంటున్నా అన్నారు.”

“దేనిమీదట?”

“ముందుగా గుర్తించడం మీద.”

ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వారు. నవ్వు ఆగాక పెద్దావిడ చెయ్యి మాత్రం కళ్ళదాకా వెళ్ళింది.

ఇంతలో స్తంభం వెనుకనుంచి డాక్టరమ్మగారు లేచారు. “సార్, బస్సు వెళ్ళిపోతుందండీ. నేను రెండు ముక్కలు చెప్పి వీళ్ళని తీసుకెళ్తాను.”

“కూర్చోండమ్మా, తొందరేముంది! మీ వంతూ వస్తుంది,” అని అధ్యక్షులు ఆదరంగా వారించి, తామే మైకు అందుకున్నారు.

“సోదరీమణులారా! జాప్యమే మన శత్రువు! ఒక్క క్షణం కూడా వృథా చేయరాదు!”

ఈ విషయాన్ని వారు అనేక కోణాలనుంచి, ఎక్కడా తొందరపడకుండా విశదీకరించారు. తమ సర్వీసులోని ఒక ఆనకట్టను ఉదాహరణగా తీసుకున్నారు. “వెంట్రుకంత బీట కనబడింది! వెంటనే పనులన్నీ ఆపించాను! రేపు చూద్దాం సార్ అన్నవాణ్ణి అక్కడికక్కడే బదిలీ చేయించాను!”

బయట బస్సు ఇంజను స్టార్టయిన చప్పుడు వినిపించింది. అధ్యక్షుల సతీమణి లేచి, మెట్లెక్కి, భర్త పక్కన నిలబడ్డారు.

“కాస్త జరగండి.”

ఇల్లు తుడిచేవేళ రోజూ వినే మాట కావడంతో అధ్యక్షులు ఏమీ ఆలోచించకుండా జరిగారు. అలవాటుకొద్దీ ఒక కాలు కూడా ఎత్తారు.

“పెద్దలందరికీ ధన్యవాదాలు,” అన్నారామె మైకులో. “వందన సమర్పణ అయిపోయింది. నా ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది, చూపించుకోవాలి. ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది. ఎవరైనా తోడొస్తారా?”

“తోడేంటక్కా, నేనూ చూపించుకుంటా, పద!” అని తోటికోడలు లేచింది. వెనుక వరుసలన్నీ లేచాయి. “డాక్టరమ్మా, ఆ డ్రైవర్ని పట్టుకోండి!” అని ఎవరో కేక పెట్టారు. కుర్చీలు బోర్లాపడ్డాయి. పోతూ పోతూ ఒకావిడ గోడమీది పటాన్ని ఇటు తిప్పేసింది. వేదికపై మేమందరం ఏకకాలంలో మా బూట్లను పరిశీలించాము.

“ఇది చెల్లదు! కార్యదర్శిగారూ, నిబంధన చూడండి!” అని ఉపాధ్యక్షులు గర్జించారు.

చూశాను. చెల్లింది. వందన సమర్పణ ఎప్పుడు చేయాలో మేము ఎక్కడా రాసుకోలేదు. చేసిన తరువాత మాట్లాడరాదని మాత్రం నేనే చక్కని భాషలో రాసి ఉన్నాను. కోశాధికారి తమ ప్రసంగ పాఠాన్ని మడిచి జేబులో పెట్టుకున్న దృశ్యం ఎంతటి కఠినాత్ములనైనా కరిగించగలదు.

గడ్డ క్యాన్సరేనని తేలింది. చిన్నది, ఇంకా పాకలేదు. ఆపరేషన్ జరిగి ఆమె కోలుకుంటున్నారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మగారు అధ్యక్షుల ముఖం మీదే అన్నారు.

ఒక ప్రాణం దక్కినప్పుడు ఎవరో ఒకరిని అభినందించకపోవడం మర్యాద కాదని సహృదయులైన పాఠకులు అంగీకరిస్తారు. సతీమణిగారి పేరు పరిశీలనకు వచ్చింది గానీ, ఆమె మా సంఘ సభ్యురాలు కారు. కనుక కరతాళధ్వనుల మధ్య ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ఇది: “తమ సతీమణి ప్రాణరక్షణార్థం, ప్రసంగం మధ్యలో, మైకు ముందునుంచి పక్కకు జరిగిన అధ్యక్షులవారి త్యాగనిరతికి ఈ సంఘం హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది.”