పిల్లమ్మ పెరట్లో తుపాకీ గది

దేశ రక్షణ విషయంలో మన కార్యాలయాలను వేలెత్తి చూపడానికి వీల్లేదు. శత్రువు రావడం మానేసినా అవి ఎదురుచూడటం మానవు.

బెంగళూరు శివార్లలో యలహంక దాటాక, పెద్దమునియప్ప రాగి చేను పక్కన ఒక తుపాకీ గది ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు వస్తే ఆపడానికి ఎవరో దొర కట్టించాడు. మూరెడు మందం కాంక్రీటు గోడలు, తుపాకీ మొన పెట్టడానికి సన్నని కంతలు. శత్రువు బర్మాలో బయలుదేరి నేరుగా రాగి సంగటికే వస్తాడని ఆ దొరకు ఎవరు చెప్పారో తెలియదు. (రాలేదు. కబురైనా చేయలేదు.)

రెండువేల సంవత్సరం వానల్లో పెద్దమునియప్ప మట్టి ఇంటి గోడ కూలింది. పాత చోట నీళ్ళు నిలిచాయి. చేను వదిలేస్తే, కొత్త గోడలు లేపడానికి మిగిలింది ఆ గది ఉన్న చోటే. దాన్ని పగలగొట్టడానికి అనుమతి అడిగాడు. అదే ఆయన చేసిన తప్పు. (చెరువులు పూడ్చి అపార్ట్‌మెంట్లు కట్టినవాళ్ళు ఎవరినీ అడగలేదు. హాయిగా ఉన్నారు.)

దరఖాస్తు గతకాలపు భయాల సంరక్షణ మండలికి చేరింది. యుద్ధం ముగిసినట్టు గ్రామ లెక్కాధికారి ధ్రువపత్రం, శత్రువుకు అభ్యంతరం లేదన్న లేఖ తెమ్మంది మండలి. తన పరిధిలో యుద్ధం మొదలైనట్టే ఆధారం లేనప్పుడు ముగిసిందని ఎలా రాసేదన్నాడు లెక్కాధికారి. న్యాయమైన మాటే.

తనిఖీకి మండలి పర్యవేక్షకుడు హేమంత్‌కుమార్ వచ్చాడు. ఆయన ఎంచుకున్న రోజు ఆయుధపూజ మర్నాడు. కొడవలికి, పారకు, మోటారు పంపుకు బొట్లు పెట్టిన చేత్తోనే, పెద్దమునియప్ప భార్య పిల్లమ్మ గదికీ బొట్లు పెట్టి, దాని ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టి ఉంది.

"దీనికీ పూజ చేసినారా?"

"చేసినామప్పా. అన్నిటికీ చేసి దీన్నొక్కదాన్నే ఇడిస్తే బాగుండదని."

"అట్లయితే ఇది ఆయుధమే కదమ్మా. వాడుకలో ఉండాదని మీరే ఒప్పుకున్నట్ల. వాడుకలో ఉండేదాన్ని ఎట్ల పగలగొట్టేది?"

"మరి మేం యాడుండల్లప్పా? గోడ పడిపోయిండాది, వాన నిలిచేలా లేదు. ఈయనకు చూస్తే ఒకటే దగ్గు."

"స్వల్ప అడ్జస్ట్ చేసుకోండమ్మా."

బెంగళూరులో అన్ని శాఖలూ ఏకగ్రీవంగా పాటించే చట్టం అదొక్కటే. వాళ్ళూ పాటించారు. చాప, పొయ్యి, మేకపిల్ల తీసుకుని ఆ గదిలోకే మారారు. లోపల వెచ్చగా ఉంది. ఆ దారిన పోతూ, కంతల్లోంచి వంట పొగ వస్తుంటే చూసి నాకు నిజంగానే సంతోషమేసింది. దొర ఎవరో గానీ గోడలు గట్టిగా కట్టించాడు.

ఆ పొగ మండలికీ కనిపించింది. హేమంత్‌కుమార్ మళ్ళీ వచ్చి, కాపురమున్న సంగతి కళ్ళారా చూసి, "రక్షణ కట్టడం ఆక్రమణకు గురైనది" అని నివేదిక రాశాడు. నివేదిక రాసిన ఫారం యుద్ధకాలంలో అచ్చువేసినది. అందులో ఆక్రమించినవారికి కేటాయించిన గడులు వేరేగా ఉన్నాయి. ఆయన ఒక్కటీ ఖాళీగా వదలలేదు.

"శత్రువు: పిల్లమ్మ. వచ్చిన దిక్కు: కూలిన ఇల్లు. బలగం: దగ్గుతున్న భర్త, మేకపిల్ల."

పోలీసులు వచ్చి వానలోనే వాళ్ళను తరిమేసి గదికి తాళం వేశారు. ఆ సాయంత్రమే పెద్దమునియప్పను ఆసుపత్రిలో చేర్చారు. మన వైపు ఎవరికీ ఏమీ కాలేదని మండలి ప్రకటించింది.