వద్దనే వినపడింది

ఫోన్‌లో సిగ్నల్ సరిగా లేకపోవడం ఒక వరం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను!

2008 వేసవిలో కొండల నడుమ ఉన్న బత్తలపల్లెలో జయంతికి సిగ్నల్ దొరికేది మస్తాన్ వలి టీ హోటల్ ముందర మాత్రమే. ఆమెది చైనా ఫోన్. స్పీకర్ వీధి చివరిదాకా వినిపించేది. తనకు వినపడని మాటను బెంచీల మీదివాళ్లే అందించేవారు. ఇంత సేవ ఏ కంపెనీ చేస్తుంది చెప్పండి?

జయంతి అనంతపురంలో లెక్కల లెక్చరర్. సెలవులకు పుట్టింటికి వచ్చింది. ఆమె రీసెర్చి ఒకే లైన్లో రెండు రకాల కబుర్లు కలిపి పంపడం మీద. ఒకటి మామూలుది, ఎంతమంది విన్నా ఏం కాదు. రెండోది క్వాంటమ్, మహా సుకుమారం. కాపీ తీయడానికి లేదు, మధ్యలో తొంగిచూస్తే చెడిపోతుంది. లైన్లో గోల ఉన్నా రెండూ క్షేమంగా చేరేలా తప్పులు దిద్దే కోడ్‌లు కట్టడం ఆమె పని. ఆ పనికే బెంగళూరు సంస్థ ఒకటి ఆమెను ఆరు నెలలు రమ్మంది.

మడకశిరలో గొర్రెల డాక్టరుగా ఉన్న భర్త కేశవకు ఫోన్ చేసింది. ఆదివారం రాలేనని మామూలుగానే చెప్పి, తర్వాత గొంతు తగ్గించింది.

"బెంగళూరుకు పోదామనుకుంటాండా. నీకిష్టమేనా?"

"గట్టిగా మాట్లాడు!" అన్నాడు కేశవ.

అరిచి అడిగింది. బెంచీలన్నీ టీ తాగడం మానేశాయి.

"వద్ద..." గరగర. లైన్ తెగింది. మళ్లీ కలవలేదు.

"వద్దన్నాడు తల్లీ," అన్నాడు మస్తాన్ వలి.

"నాకూ వద్దనే ఇనపడినాది," అంది పాలమ్మే సిద్దమ్మ.

మెజారిటీ తీర్పు వచ్చేసింది! ఎంత సౌకర్యం!

జయంతి కళ్లు తుడుచుకుని, బస్సులు మారి మడకశిర చేరింది. కేశవ గొర్రెలకు సూదులేస్తున్నాడు.

"వద్దంటివే?" అని నిలదీసింది.

"యాడంటి? వద్దనేదానికి నేనెవరు అంటి!"

"మళ్లీ చేసి చెప్పొచ్చు కదా?"

"ఆడ ఊరంతా ఇంటాండాది. సిగ్గైనాది."

జయంతి నవ్వేసింది. కేశవ చేతులు కడుక్కుని వచ్చి అడిగాడు.

"ఇంతకీ నీ చదువు దేనిమీద?"

పెళ్లయి నాలుగేళ్లు! వారం వారం ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తున్నారు. అప్పుడు గరగర లేదు, లైనూ తెగలేదు.

సిగ్నల్‌ను తిట్టకండి. పాపం, దానికి కొండలైనా అడ్డమున్నాయి.