బడి వేళకి మూతపడే స్టేషను

ఆ సోమవారం ఉదయం అబ్రహాము గారి ప్రణాళిక చాలా చిన్నది. వాకింగు ముగించుకుని, కీచుమనే గేటు తోసుకుని ఇంట్లోకొచ్చి, కొడుకు దీపక్ కొనిచ్చిన కొత్త రేడియో ముందు కాఫీ తాగుతూ పాత కీర్తనలు వినాలి. అమలాపురంలో తమ చర్చి పాటల బృందాన్ని ఏళ్ల తరబడి నడుపుతున్న మనిషి. పాట వినడం ఆయన హక్కు, వంక పెట్టడం ఆయన అలవాటు.

దీపక్ కాకినాడ తిరిగి వెళ్తూ అంతా విడమరిచి చెప్పాడు. క్యాసెట్లలోని పాటలన్నీ తన భార్య సువార్త లాప్‌టాప్‌లోకి ఎక్కించానని, రేడియో వైఫై మీద వాటిని అందుకుని వినిపిస్తుందని, మొదటి మీట నొక్కితే చాలని. అబ్రహాము గారు "ఆయ్, ఆయ్" అని తలూపారు గానీ ఆయన చెవికెక్కింది మీట ఒక్కటే. ఆయన లెక్కలో రేడియో అన్నాక ఎక్కడో ఒక స్టేషనుండాలి, అక్కడెవరో పాడాలి.

మీట నొక్కారు. రెండు పాత కీర్తనలు వచ్చాయి. మూడోది ఎవరో ఆడమనిషి, వాద్యాల్లేకుండా పాడుతోంది. కాఫీ కప్పు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"ఏం గొంతండీ బాబూ! ఇది మద్రాసు స్టేషనే అయ్యుంటుంది."

వంటింట్లో కోడలు సువార్త చేతిలోంచి అట్లకాడ జారిపోయింది. ఆ గొంతు తనదే. కిందటేడు సెమీ క్రిస్మస్‌కి సోలో పాడతానని నోరు తెరిచి అడిగితే, "నీ గొంతు బడిలో పిల్లల్ని కేకలెయ్యడానికి సరిపోద్దమ్మా, దేవుడి పాటకి కాదు" అని మావగారు తేల్చేశారు. ఆ మాట ముల్లులా దిగింది. అప్పట్నుంచి ఆయన వాకింగుకెళ్లగానే తలుపేసుకుని పాడటం, లాప్‌టాప్‌లో రికార్డు చేసి తప్పులు దిద్దుకోవడం. ఈ ఏడు మళ్లీ అడగాలి, కాదనిపించుకోకూడదు. అదొక్కటే ఆవిడ పట్టుదల. తీరా తను ఆ రికార్డులు దాచిన చోటికే దీపక్ మావగారి కీర్తనలూ ఎక్కించాడని ఇప్పుడు తెలిసింది. నిజం చెబితే పొగిడిన నోటితోనే వంకలు మొదలెడతారని ఊరుకుంది.

కాసేపటికి ఆమె లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఐనవిల్లి బడికి బయల్దేరింది. రేడియో మూగబోయింది. సాయంత్రం ఆమె వచ్చి లాప్‌టాప్ తెరవగానే మళ్లీ పలికింది. వారం తిరిగేసరికి అబ్రహాము గారు ఈ సంగతి కనిపెట్టేశారు.

"చూసేవా అమ్మా, ఏం క్రమశిక్షణో! నువ్వు బడికెళ్లే వేళకి మూసేస్తారు, వచ్చే వేళకి తెరుస్తారు."

సువార్త మొహం పక్కకి తిప్పుకుని "ఆయ్, అవునండి" అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. పక్కింటి కొబ్బరితోటల త్రిమూర్తులు గారిని పిలిచి వినిపించారు. ఆయన ముచ్చటపడి అలాంటి రేడియోయే తెప్పించుకుని, దేశదేశాల స్టేషన్లూ తిప్పి తిప్పి, మద్రాసావిడ దొరక్క షాపువాణ్ణి తిట్టిపోశారు. పాటల బృందానికి అబ్రహాము గారు ఆవిణ్ణి చూసి బుద్ధి తెచ్చుకోమని గడ్డి పెట్టారు. ఆఖరికి పాస్టరు గారితో సహా అందర్నీ శుక్రవారం సాయంత్రం ఇంటికి పిలిచారు. ఆ పాట విని నేర్చుకుంటే ఈసారి సోలోకి ఎవరో ఒకరు పనికొస్తారని ఆయన ఆశ.

ఆ శుక్రవారమే బడిలో మీటింగు పడింది. సువార్త ఇల్లు చేరేసరికి వరండా నిండా జనం. మధ్యలో అబ్రహాము గారు మీట నొక్కుతూ, చెమట తుడుచుకుంటూ, మద్రాసులో కరెంటు పోయిందేమోనంటున్నారు. కిందటేడు సోలో పాడిన పాపాయమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. లాప్‌టాప్ తెరవకపోతే సువార్త గుట్టు దాగుతుంది, పెద్దాయన పరువు పోతుంది. ఎంత కోపమున్నా ఆయన్నలా చూడలేకపోయింది. గదిలోకెళ్లి లాప్‌టాప్ తెరిచిపెట్టి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

పాట మొదలైంది. ఆ ఉదయమే సువార్త పాడి రికార్డు చేసిన కొత్తది. పాపాయమ్మ నవ్వడం మానేసి, అదే కొంగుతో కళ్లొత్తుకుంది. పాట అయిపోయింది గానీ స్టేషను ఆగలేదు. ముందు కీచుమని గేటు చప్పుడు వినబడింది. ఆ వెంటనే అదే గొంతు గుసగుసగా పలికింది.

"అమ్మో, మావయ్యగారు వచ్చేసేరు. వింటే మళ్లీ బడికే సరిపోద్దంటారు."

"ఈ గేటు మీ ఇంటిదే కదండీ" అన్నారు త్రిమూర్తులు గారు. దానికి నూనె వెయ్యమని ఏడాదిగా మొత్తుకుంటున్నది ఆయనే.

టీ పళ్లెంతో గుమ్మంలోకొచ్చిన సువార్త అక్కడే కొయ్యబారిపోయింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. అబ్రహాము గారు తల దించుకున్నారు. ఆయనకి నిజంగానే సిగ్గేసింది. లేచి వెళ్లి కోడలి చేతిలోని పళ్లెం తనే అందుకున్నారు.

"పక్కగదిలో ఉన్నావని విన్లేదమ్మా. మద్రాసనుకుని విన్నాను. తప్పు నాదే. ఈసారి సోలో నువ్వే పాడాలి."

"బడి గొంతండి నాది" అంది సువార్త. అనేసి, నవ్వబోయి ఏడ్చేసింది.

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఏదో అనేలోపే త్రిమూర్తులు గారు అందుకున్నారు.

"అంతా బానే ఉంది గానండి, ఇంతకీ మా రేడియోలో ఈ స్టేషను రావాలంటే ఏం చెయ్యాలండి?"

అబ్రహాము గారు ఆయనకి టీ అందించారు.

"ముందు మీ కోడలు గార్ని పాడమనండి."