మా కాలనీకి కరోనా రాదు

"కరోనా ఇమానం ఎక్కి శంషాబాద్‌ల దిగొచ్చు! గానీ మన కాలనీ గేటు దాటలేదు!" అని మైకులో ప్రకటించాడు మల్లేశ్వర్.

కాలనీ సంఘానికి ఆయన అధ్యక్షుడు. వైరసైనా తన అనుమతి లేకుండా లోపలికి రాదని నమ్మకం. చేతులెలా కడగాలో, మనిషికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలో ఆయనకు కంఠతా వచ్చు. ఆ దూరం గురించి జనాన్ని దగ్గరకు పిలిచి మరీ చెప్పేవాడు!

తొలి వేటు గౌసియా మీద పడింది. కాలనీ చివరింట్లో కిరాయికి ఉంటూ ఎయిర్‌పోర్టులో సామాన్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. డ్యూటీ దిగి వచ్చేసరికి గేటు మూసి ఉంది. లోపల మల్లేశ్వర్, ఆయన వెనక కాలనీ జనం.

"ఏమనుకోకు చెల్లె. ఎవరెవరి సామానో ముట్టుకుంటవు. కొన్ని రోజులు మీ అమ్మోళ్లింట్ల ఉండు."

"మాస్కు, గ్లౌజులు లేకుండ పని చెయ్యనన్నా. కిరాయి కట్టిన ఇల్లొదిలి పోవాల్నా?"

"నాకు మాత్రం బాధ లేదా? ఏం జేస్త, రూలు రూలే!"

గౌసియా కళ్లు తుడుచుకుని, మైలార్‌దేవ్‌పల్లిలోని పుట్టింటికి ఆటో ఎక్కింది. మల్లేశ్వర్ గుండె బరువెక్కింది. వెనక చప్పట్లు మోగగానే తేలికైపోయింది.

ఆ వారమే ఆయన బామ్మర్ది జగన్ దుబాయ్ నుంచి దిగాడు. ఇల్లు కదలొద్దంటూ ఎయిర్‌పోర్టులో చేతిమీద ముద్ర కొట్టి పంపారు. తమ్ముణ్ణి చూసి మురిసిన మల్లేశ్వర్ భార్య శోభ, ముద్ర చూసి హడలిపోయింది.

"ఏందయ్యా గిది? అందరికి చెప్దమా?"

"పిచ్చా నీకు? మనోడు బయటోడా? ఫుల్‌షర్టు తొడుక్కొమ్మను. గీ పక్కన షాద్‌నగర్ కెల్లి వచ్చిండని చెప్పు."

షాద్‌నగర్ నుంచి వచ్చిన జగన్ ఇంటింటికీ అత్తరు సీసాలు, ఖర్జూరాలు పంచాడు. షాద్‌నగర్‌లో ఖర్జూరం ఎప్పటినుంచి పండుతోందని ఒక్కరూ అడగలేదు!

అంతలో ఆరోగ్య కార్యకర్త పూర్ణిమ వచ్చి హాల్లో అవగాహన సభ పెట్టింది.

"విదేశం నుంచి ఎవరన్న వస్తే ఏం జెయ్యాలె?"

"చెప్పాలె!" ఏకకంఠంతో కాలనీ.

"ఎవరన్న వచ్చిండ్రా?"

"రాలే!" అంతకన్నా గట్టిగా.

"శభాష్! చేతులెట్ల కడగాల్నో ఎవరు చూపిస్తరు?"

బావ పరువు నిలబెట్టాలని జగన్ ఉత్సాహంగా ముందుకురికి, మోచేతుల దాకా చొక్కా మడిచాడు. ముద్ర నిగనిగలాడింది!

మల్లేశ్వర్ గొంతు సవరించుకున్నాడు. "ముద్ర ఎట్లుంటదో... జనానికి చూపిద్దమని..."

"మంచిదన్నా. ఈయనను ఎవరెవరు కలిసిండ్రు?"

"మేమెవ్వరం కలవలే! వాళ్లిల్లొక్కటి మూసేయుండ్రి!" అని పక్కింటి సత్తయ్య అరిచాడు.

మల్లేశ్వర్‌కు ఒళ్లు మండింది. "కలవలేదా? మరి నీ అంగీకి గంత మంచి వాసన ఏడికెల్లి వచ్చిందే, సత్తయ్యా?"

మాస్కులోంచి కూడా పూర్ణిమకు ఆ వాసన తగిలింది. హాలు హాలంతా దుబాయ్!

సాయంత్రానికి ప్రతి తలుపుకీ ఇల్లు కదలొద్దని నోటీసు పడింది. పాలు, కూరగాయలు తెచ్చిపెట్టేందుకు జగన్‌ను కలవని మనిషి కావాలన్నారు. కాలనీ అంతా వెతికినా గౌసియా తప్ప ఎవరూ లేరు. మల్లేశ్వరే ఫోన్ చేశాడు. ఆమె మారుమాట లేకుండా వచ్చి పాలప్యాకెట్లు గేటు దగ్గర దించింది.

అది చూసి మల్లేశ్వర్ బాల్కనీలోకి వచ్చి మైకు అందుకున్నాడు. "చూసిండ్రా! గిట్లాంటి రోజొస్తదని తెలిసే, ఒక మనిషిని ముందే బయట భద్రంగ ఉంచిన!"

బాల్కనీలన్నీ చప్పట్లతో దద్దరిల్లాయి. గౌసియా తల ఎత్తలేదు. కుళాయి దగ్గర నింపాదిగా చేతులు కడుక్కుంటోంది.