వెన్నుదన్ను పథకం

ఇకమీదట ముసలివాళ్ల ఎముక ఒక్కటి కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా విరగడానికి వీల్లేదని ఆరోగ్యశాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. అరవై దాటిన ప్రతి ఒక్కరికీ ఎముకలు గుల్లబారకుండా వారానికో మాత్ర, ఉచితంగా, గడప దగ్గరికే. పథకం పేరు వెన్నుదన్ను. ఆ పేరు పెట్టింది, ఉపన్యాసం రాసింది, మంత్రిగారు తడబడినప్పుడల్లా చప్పట్లు మొదలుపెట్టి ఆదుకున్నది అంతా ఆయన పి.ఎ. ఒక్కడే. ఎంత చెడిపోయిన వ్యవహారాన్నయినా ఇట్టే సర్దేస్తాడని ఆఫీసులో అతనికి సర్దుబాటు అని పేరు.

సర్దుబాటు ఆ ఉపన్యాసాన్ని మాత్రం మనసు పెట్టి రాశాడు. దానికి కారణం ఇంట్లో ఉన్న వాళ్లమ్మ. ఆవిడ ఆమధ్య నీళ్ల బకెట్ ఎత్తబోయి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి చూసి, "ఈసారి పడితే తుంటి పోతుందమ్మా. తుంటి పోతే ఇక మంచమే," అన్నాడు. అప్పటినుంచి ఆదివారం ఆదివారం ఆవిడ పరగడుపున ఒక మాత్ర వేసుకుని, గ్లాసు నిండా నీళ్లు తాగి, డాక్టరు చెప్పినట్టు అరగంట సేపు నడుము వాల్చకుండా కుర్చీలో నిటారుగా కూర్చుని కోడలి వంటకు వంకలు పెట్టేది. మాత్ర వీధి చివర మందుల షాపులో దొరికేది.

పథకం ప్రకటించిన మర్నాటినుంచి దొరకడం మానేసింది.

"సరుకంతా మీవాళ్లే లారీ ఎక్కించుకుపోయారండీ," అన్నాడు షాపాయన సర్దుబాటుతో. "ఇక గడప దగ్గరికే వస్తుందట కదా."

"ఎప్పుడొస్తుంది?"

"అది నేను మిమ్మల్ని అడగాలి."

వాళ్లమ్మకు ప్రభుత్వం మీద నమ్మకం ఎక్కువ. గడప దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. వచ్చినవాళ్లు పాలవాడు, పేపరువాడు, పక్కింటి పిల్లి.

మందు రాకపోవడానికి కారణం నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటే. అతిజాగ్రత్త. ప్రతి మాత్రల పెట్టె మీదా మంత్రిగారి ఫోటో ఉండాలి. మొదటి ఫోటోలో ఆయన నవ్వుతున్నారు.

"ఎముక విరిగినావిడ పెట్టె తెరుస్తుంటే నేను పళ్లికిలిస్తున్నానేంటయ్యా?" అన్నారు మంత్రిగారు.

అచ్చేసిన పెట్టెలన్నీ పక్కన పారేసి, గంభీరంగా ఉన్న ఫోటో వేయించారు. దాన్ని ఆయన చాలాసేపు చూశారు.

"ఇది చూస్తే నేనే పోయినట్టుంది."

మూడోది నిలువెత్తు ఫోటో. వెన్ను నిటారుగా ఉండాలని మంత్రిగారి కోరిక. ఫోటోగ్రాఫరు ఎన్ని వైపులనుంచి తీసినా వెన్నుకంటే ముందు పొట్టే కనిపించేది. ఆ పని తేలేదాకా మాత్రలు గోడౌన్లో భద్రంగా ఉన్నాయి.

సర్దుబాటు ఉద్యోగజీవితంలో మొదటిసారి తెగించాడు. "సార్, ఈలోగా ఫోటో లేకుండానే పంచేద్దామా? మా అమ్మకు మందు ఆగిపోయి నెల దాటింది. పడుతుందేమోనని భయంగా ఉంది సార్."

మంత్రిగారు కోప్పడలేదు. ఆయనది పెద్ద మనసు. "ఫోటో లేకుండా మింగితే, మందు ఎవరిచ్చారో ఆ ఎముకకు ఎలా తెలుస్తుందయ్యా?" అని మెత్తగా అడిగారు.

"నిజమే సార్," అన్నాడు సర్దుబాటు.

"మీ అమ్మగారికే మొదటి మాత్ర ఇద్దాం. వేదిక మీద. నా చేత్తో."

ప్రారంభోత్సవానికి ముసలివాళ్లందర్నీ పరగడుపున రమ్మన్నారు. అందరూ పొద్దున్నే వచ్చారు. మంత్రిగారు మధ్యాహ్నానికి వచ్చారు. ఆకలికి ఇద్దరు సోలిపోతే, అది ఎముకల జబ్బు కాదు కాబట్టి పథకం కిందికి రాదని శాఖ డైరెక్టరు తేల్చి చెప్పాడు.

వేదికకు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. సగం ఎక్కాక వాళ్లమ్మ కాలు జారింది. సర్దుబాటు రెండు చేతులా పట్టేసుకున్నాడు. ఆవిడ బరువు అంత తగ్గిపోయిందని అతనికి అప్పుడే తెలిసింది. ఆవిణ్ణి సరిగ్గా నిలబెట్టకముందే ఫోటోగ్రాఫరు, "బాగా రాలేదు, మళ్లీ ఎక్కించండి," అన్నాడు.

మళ్లీ ఎక్కించారు. మంత్రిగారు మాత్రను ఆవిడ నోట్లో వేశారు. మైదానంలో అందరూ తమకు పంచిన మాత్రలు నోట్లో వేసుకున్నారు. డైరెక్టరు మైకులో, "అరగంట ఎవరూ నడుము వాల్చకూడదు," అని హెచ్చరించాడు. వేలమంది బిగుసుకుని కూర్చున్నారు.

"ఒరేయ్," అంది వాళ్లమ్మ చిన్నగా. "ఇది పిప్పరమెంటురా."

సర్దుబాటు డైరెక్టరు చెవి దగ్గరికి వంగాడు. "అసలు మాత్రలేవి సార్?"

"గోడౌన్లో. ఫోటోలో పొట్ట ఇంకా లోపలికి రాలేదు కదా."

"మరి ఈ అరగంట కూర్చోబెట్టడం ఎందుకు సార్?"

"రూల్స్ పాటించొద్దా?"

ఈలోపు మంత్రిగారు మైకు అందుకున్నారు. వెన్నుదన్ను ఘనవిజయమనీ, ఇంతమంది మింగినా ఒక్కరికీ కడుపులో మంట రాలేదనీ చెప్పారు. ఈ ఊపులో బీపీ, షుగరు, గుండెజబ్బు మందులు కూడా ప్రభుత్వమే మొత్తం కొని గడప దగ్గరికి చేరుస్తుందని రేపు ప్రకటించబోతున్నానన్నారు. మైదానం మారుమోగింది. ఎన్నడూ లేనిది, చప్పట్లు మొదలుపెట్టాల్సిన మనిషి చేతులు కదల్లేదు.

"నా బీపీ మాత్రలు అయిపోవచ్చాయిరా," అంది వాళ్లమ్మ.

అతను ఆవిణ్ణి ఒక్కో మెట్టే దింపి, కారులో కూర్చోబెట్టి, తిన్నగా వీధి చివర షాపుకు పోనిచ్చాడు. షాపు ముందు వరుస రోడ్డు మలుపు దాకా ఉంది. అందరూ తెలిసిన మొహాలే. ఆరోగ్యశాఖ సెక్రటరీ, ఇద్దరు జాయింట్ డైరెక్టర్లు, ప్రారంభోత్సవం సగంలో మాయమైన ఎముకల డాక్టరు. ఎవరూ ఎవరి వైపూ చూడడంలేదు. అందరికంటే ముందు మంత్రిగారి డ్రైవరు రెండు గోనెసంచులతో నిలబడి ఉన్నాడు.

"పెద్దమ్మగారికండీ, సార్ వాళ్లమ్మగారికి," అన్నాడు డ్రైవరు, సంచి మూతి కడుతూ. "ఎప్పుడేది ప్రకటించబోతున్నా సార్ నాకు ముందే చెప్తారు. ఎముకల మాత్రలైతే అటక నిండా ఉన్నాయి. ఆవిడ చకచకా నడిచేస్తున్నారు."

సర్దుబాటు కారు వైపు చూశాడు. వాళ్లమ్మ సీటుకు వీపు ఆనించకుండా కూర్చుని, తనవైపే చూస్తోంది.

"ఒక్క అట్ట ఎముకల మాత్రలు ఇప్పించు బాబూ. మా అమ్మకు. నీకు దండం పెడతాను."

డ్రైవరు మంచివాడు. నిజంగానే ఇబ్బంది పడ్డాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇద్దును గానీ, వాటిమీద సార్ ఫోటో లేదండీ."

"నిజమే," అన్నాడు సర్దుబాటు అలవాటు కొద్దీ. వెళ్లి వరుస చివర నిలబడ్డాడు.