రెండో రిమోటు

1994 వర్షాకాలంలో మిర్యాలగూడ పట్టణంలో పిల్లలు చెడిపోయారని అధికారికంగా తేలింది. తేల్చినది బాలల భవిష్యత్ పరిరక్షణ సంఘం. దానికి అధ్యక్షులు రైస్‌మిల్లు యజమాని సుధాకర్ గారు, కార్యదర్శిని నేను. సుధాకర్ గారి అబ్బాయి పదో తరగతి లెక్కల్లో మూడోసారి తప్పాడు. కారణం బస్టాండు వెనక దేవ్‌సింగ్ పెట్టిన వీడియో గేముల దుకాణం. మొదటి రెండుసార్లు తప్పేనాటికి ఆ దుకాణం లేదు కాబట్టి అప్పట్లో నేరాన్ని క్రికెట్ మీద మోపాం.

దేవ్‌సింగ్ వేములపల్లి దగ్గరి తండావాడు. అతనూ భార్య సాలీ ఏళ్ల తరబడి నాట్లకూ కోతలకూ పోయి, అతను మిల్లుల్లో బస్తాలు మోసి, చివరికి రెండు టీవీలు, రెండు గేము మిషన్లు, ఒక రేకుల గది సంపాదించుకున్నారు. ఆ గది మూతపడితే దేవ్‌సింగ్‌కు మళ్ళీ బస్తాలే దిక్కు. అతని నడుము మాత్రం ఇక బస్తాలు మోయనని ఎప్పుడో చెప్పేసింది.

మా సంఘం తొందరపాటు సంఘం కాదు. దుకాణం మూయించాలని ముందుగా తీర్మానించుకుని, తరువాతనే నిష్పాక్షిక విచారణకు ఒక నిపుణుణ్ణి నియమించాం. ఆ నిపుణులు విమర్శకులు జనార్దన్ గారు.

జనార్దన్ గారి గురించి కొంత చెప్పాలి. మా ప్రాంతంలో అచ్చయిన మూడు వందల పన్నెండు పుస్తకాలకు పీఠికలు రాసిన మహనీయులు. పుస్తకం చదివితే రచయిత మీద అభిమానమో కోపమో పుడుతుందనీ, దానితో తీర్పు పక్కదారి పడుతుందనీ ఆయన నమ్మకం. అందుకని చదవరు. అట్ట చూస్తారు, చేత్తో బరువు చూస్తారు, ఆవిష్కరణ సభలో తమకు కప్పిన శాలువా అంచు చూస్తారు. ఈ పద్ధతిలో ఆయన అభిప్రాయం ఇంతవరకు ఒక్కసారి కూడా మారలేదు.

వీడియో గేములను కూడా ఆయన ఇదే పద్ధతిలో, దుకాణాల వాకిట్లో నిలబడి పరిశీలించారు. పక్కన నోటుబుక్కుతో నేను నిలబడ్డాను.

సూర్యాపేటలో మార్కెట్ యార్డు ఎదుటి దుకాణంలో పైనుంచి ఇటుకలు పడే ఆట నడుస్తోంది. వరస నిండితే ఆ వరస మాయమవుతుంది. జనార్దన్ గారు రెండు నిమిషాలు చూసి, ఇది శ్రమను అవమానించే రచన అన్నారు. వాడపల్లి చుట్టుపక్కల అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఉండగా ఒక్క ఇటుకకైనా సిమెంటు పెట్టకపోవడం వాస్తవికతకు ద్రోహమని రాసుకోమన్నారు. రాసుకున్నాను. ట్యాంకుల ఆటలో యుద్ధానికి కారణం చెప్పలేదనీ, నాయిక లేదనీ, చివరికి ఒక్క పాటైనా పెట్టలేదనీ తప్పుపట్టారు.

కోదాడలో పిట్టల వేట ఆట చూశాం. గురి తప్పినప్పుడల్లా కొమ్మ మీది కాకి ఒకటి పకపకా నవ్వుతుంది. దుకాణం యజమాని జవహర్ వినయంగా, "ఒక్కసారి కూర్చుని ఆడి చూడండి సార్, ఆ తర్వాత రాసుకుందురు గాని" అన్నాడు. జనార్దన్ గారు అతని వంక జాలిగా చూశారు. ఆడినవాడికి ఆట తప్ప ఇంకేమీ కనిపించదని బోధించారు. ఆ కాకి పాత్ర మాత్రం ఆయనకు చాలా నచ్చింది. తాను తుపాకి పట్టకుండా, కొమ్మ దిగకుండా, పట్టినవాళ్ళ తప్పులు ఎంచే ఆ స్థితప్రజ్ఞత నేటి సాహిత్యంలో కరువైందన్నారు.

మరునాడు మిర్యాలగూడలో దేవ్‌సింగ్ దుకాణానికి వెళ్ళాం. అక్కడ మాత్రం జనార్దన్ గారు లోపలికి వచ్చి కూర్చున్నారు. బయట వాన.

మా దగ్గర పెద్దలు వస్తే వాడిన వస్తువు చేతికివ్వం. కొత్త గ్లాసు తీస్తాం, మడత విప్పని తువాల ఇస్తాం. దేవ్‌సింగ్ మర్యాద తెలిసినవాడు. పిల్లల చేతుల్లో నలిగి అక్షరాలు చెరిగిన, గేము మిషనుకు వైరుతో తగిలించిన మొదటి రిమోటును పక్కకు జరిపి, గీత పడని రెండో రిమోటును రెండు చేతులా అందించాడు. "గిది మీ అసోంటోళ్ళ కోసమే దాచిన సార్" అన్నాడు. అంత మర్యాదను కాదనలేక జనార్దన్ గారు అందుకున్నారు. తెరమీద ఉన్నది ఒక్కరే ఆడే కార్ల పందెం. అందులో రెండో రిమోటుకు ఏ పనీ లేదు. అది అంత కొత్తగా ఉండడానికి కారణం కూడా అదే.

మిగతా కార్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. జనార్దన్ గారి కారు కదలలేదు. ఆయన అన్ని మీటలూ నొక్కారు. దేవ్‌సింగ్‌కు జరిగిన పొరపాటు అప్పుడు తెలిసి నోరు తెరవబోయాడు. కౌంటరు వెనక నుంచి సాలి తమ భాషలో ఏదో అంది. ఏమన్నదని తరువాత అడిగితే దేవ్‌సింగ్ చెప్పాడు. "నువ్వు మాట్లాడకు, నేను సూసుకుంట అన్నది సార్."

ఇతివృత్తంలో చలనం లేదని నేను రాసుకుంటుండగా కారు కదిలింది. కదలడమేమిటి, మూడు మలుపుల్లో నాలుగు కార్లను దాటింది. సాలి ఒళ్ళో, కొంగు కింద, దేవ్‌సింగ్ పక్కకు జరిపిన మొదటి రిమోటు ఉంది. మధ్యాహ్నాలు గిరాకీ లేని వేళ ఆడీ ఆడీ ఆమె మూడు పట్టణాల్లో ఎవరికీ అందనంత ఆటగత్తె అయిందని పిల్లలు చెప్పుకునేవారు. ఆ కొంగు నేను చూశాను. కాని కార్యదర్శి చూసినదంతా అధ్యక్షుల అనుమతి లేకుండా మినిట్స్‌లోకి ఎక్కదు.

జనార్దన్ గారు మొదటి స్థానంలో వచ్చారు. అంతటితో వీడియో గేముల మీద వారి మూడు వందల పన్నెండు పీఠికల అనుభవం ఒక కొత్త మలుపు తిరిగింది. ఈ ఆటలో ఏకాగ్రత ఉంది, జీవనదర్శనం ఉంది, పెద్దల మార్గదర్శకత్వంలో ఆడితే లెక్కలు కూడా రావచ్చు అని నివేదిక ఇచ్చారు. సుధాకర్ గారు కొంత నొచ్చుకున్నారు. అయినా నిపుణుల మాట కాబట్టి, సన్మానసభ పెట్టి, జనార్దన్ గారు అందరి ఎదుటా ఆడి గెలిస్తే దుకాణం మీద అభ్యంతరం లేదని వేదిక మీదనే సంతకం చేస్తానన్నారు. ఓడితే మరునాడే తాళం.

సభకు మూడు వందల మంది వచ్చారు. టీవీనీ గేము మిషనునూ వేదిక మీదకు ఎక్కించారు. వైర్లు చూసుకునే నెపంతో సాలి తెర పక్కన కింద కూర్చుంది. జనార్దన్ గారు శాలువాతో సహా కుర్చీలో కూర్చుని, క్రీడ అనేది ఒక తపస్సు అని పావుగంట చెప్పి, కొత్త రిమోటు అందుకున్నారు. కారు పోతోంది. మొదటి రౌండు, రెండో రౌండు. జనం లేచి నిలబడ్డారు. మూడో రౌండులో ముందు ఒక్క కారే మిగిలింది.

అప్పుడు సుధాకర్ గారికి చాయ్ గుర్తొచ్చింది.

"ఏమ్మా సాలీ, ఉత్తగ కూసొని ఏం జేస్తున్నవ్ గాడ? సార్లకు చాయ్ తే, పో."

సాలి భర్త వంక చూసింది. దేవ్‌సింగ్ సుధాకర్ గారి ముందున్న కాగితం వంక చూశాడు. లేవనంటే ఒక బాధ, లేస్తే ఒక బాధ. ఆమె రిమోటు నేలమీద పెట్టి లేచింది. కారు నేరుగా వెళ్ళి గోడకు గుద్దుకుని నిలబడిపోయింది. మిగతా కార్లన్నీ దాన్ని దాటుకుంటూ పోయాయి. జనార్దన్ గారు మీటలు నొక్కుతూనే ఉన్నారు.

సాలి పళ్ళెం పట్టుకుని వేదిక ఎక్కడం అందరికీ కనిపించింది. ఆమె లేచిన చోట రిమోటూ కనిపించింది, దాని వైరు మిషను దాకా పోవడమూ కనిపించింది. సుధాకర్ గారు పెన్ను మూత పెట్టేశారు. దేవ్‌సింగ్ మెట్టు మీద కూలబడ్డాడు.

జనార్దన్ గారు కప్పు అందుకుని ఒక గుక్క తాగి, మైకు దగ్గరకు జరిగారు.

"ఎక్కడ ఆగాలో తెలిసినవాడే అసలైన విజేత. యువత గమనించాలి. కారు ఆగలేదు. నేను ఆపాను."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. సుధాకర్ గారు మళ్ళీ మూత తీసి సంతకం పెట్టారు. జనార్దన్ గారికి క్రీడా సంయమన శిరోమణి బిరుదు అక్కడికక్కడే ప్రకటించాం. దుకాణం నిలిచింది.

కప్పు తీసుకుంటూ సాలితో మెల్లగా అన్నాను, ఇంకొక్క మలుపు అయితే గెలిచేదానివి కదమ్మా అని.

"అవు సార్. చాయ్ అడిగిండ్రు గద" అంది.

నాకు సిగ్గేసింది. కాని మా మినిట్స్ పుస్తకంలో సిగ్గుకు గడి లేదు. చాయ్ బాగుందని మాత్రం ఏకగ్రీవంగా నమోదు చేశాను.

మీరు ఆ సభలో లేరు కాబట్టి నిశ్చింతగా నవ్వవచ్చు. నవ్వే ముందు, ఇది చదువుతూ తాగుతున్న చాయ్ ఎవరు తెచ్చి పెట్టారో, ఏ పని మధ్యలో లేచి వచ్చి పెట్టారో, లోపలికి ఒక కేక వేసి కనుక్కోండి. కేక వేయడం మీకు అలవాటే కదా.