వేడిగదిలో ప్రదీప్ కుమార్ యోగా

ఆ సోమవారం ఉదయానికి ప్రదీప్ కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సుహాసిని రక్తపరీక్షకు లాక్కెళ్ళేలోపు యోగా మొదలుపెట్టేయాలి, అంతే. ఇంటింటా కిడ్నీ జబ్బుండే ఉద్దానంలో పుట్టి, తండ్రినీ అన్ననీ దానికే పోగొట్టుకుని, నలభై ఏడేళ్ళొచ్చినా అతను ఒక్కసారి కూడా చేయి చాపి రక్తం ఇవ్వలేదు. కాగితం మీద అంకె పడనంత కాలం ఒంట్లో జబ్బు లేనట్టేనని అతని నమ్మకం. నమ్మకం అనడం మర్యాదకి. అసలు పేరు భయం.

"మావా, ఇయాలైనా వత్తావా, రావా?" అంది సుహాసిని గుమ్మంలో నిలబడి.

"యోగా సేత్తన్నానే. వేడిగదిలో సేత్తే ఒంట్లో సెడ్డంతా సెమటగా పోద్దంట. ఇంక పరీచ్చలెందుకు?"

"ఎవులు సెప్పినారు?"

"వీడియోలో సూసినాను."

కలకత్తా నుంచి వెళ్ళిన మాస్టారెవరో చలిదేశాల్లో గదులు వేడెక్కించి, నలభై డిగ్రీల వేడిలో జనం చేత ఇరవయ్యారు ఆసనాలు వేయించాడని ఆ వీడియో సారాంశం. మనం తిట్టుకునే ఎండాకాలాన్ని అక్కడివాళ్ళు ఎగబడి మరీ అనుభవించారట. పలాస శివార్లో ప్రదీప్ ఇంటి వెనక జీడిపప్పు ఆరబెట్టే గది ఉండనే ఉంది. బయటి పొయ్యిలో నాలుగు తట్టల జీడితొక్కలు పోస్తే లోపల గోడలు కూడా చెమర్చేంత వేడి.

మూడో ఆసనానికే నడుం పట్టేసింది. మిగతా యోగా అంతా అతను శవాసనంలోనే కానిచ్చాడు. లోపలికెళ్ళే ముందు పప్పు తూచే కాటా మీద నిలబడి బరువు చూసుకున్నాడు, బయటికొచ్చి మళ్ళీ చూసుకున్నాడు.

"ముప్పావుకిలో పోయిందే!" అని వీధంతా వినబడేలా అరిచాడు. ఆ అరుపే కొంప ముంచింది.

గోడవతల చేపలమ్ముతున్న జోగమ్మ ఆ మాట విని ఆగిపోయింది. ఆమె మొగుడు కృష్ణ ఒకప్పుడు వేటకెళ్ళేవాడు, రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు. ఆ చుట్టుపక్కల మనిషిని ముందోసారి, తర్వాతోసారి తూచేది డయాలసిస్‌కే. జోగమ్మ లెక్క క్షణంలో తేలిపోయింది. సూది లేదు, మిషను లేదు, ఒంట్లో నీళ్ళు మాత్రం దిగిపోయాయి.

మంగళవారం ముగ్గురొచ్చారు. బుధవారం పద్నాలుగు మంది, అందరి చేతుల్లో రిపోర్టుల ప్లాస్టిక్ కవర్లు. ఎవరికి వారే కాటా దగ్గర వరస కట్టారు.

"ఇది యోగాండి బాబూ, వైద్యం కాదు!" అన్నాడు ప్రదీప్.

"పేరేదైతే ఏటి గురువుగారూ, దిగితే సాలు," అన్నాడొక ముసలాయన.

ఆ 'గురువుగారూ'కి ప్రదీప్ ఒక్క నిమిషం ఉబ్బిపోయిన మాట నిజం. తర్వాత భయమేసి తొక్కలైపోయాయని అబద్ధమాడి పొయ్యి ఆర్పేశాడు. గురువారం పొద్దున్న లేచి చూస్తే ఎవరో బస్తాడు తొక్కలు తెచ్చి, పొయ్యి వెలిగించి, అతని కోసమే ఎదురు చూస్తున్నారు. గది తలుపు దగ్గర జోగమ్మ, పక్కనే కాళ్ళు వాచిపోయి, ఆయాసపడుతూ కృష్ణ.

"ఇయాల డయాలసిస్ కదా?" అన్నాడు ప్రదీప్.

"మానేసినాడు బాబూ. ఇక్కడే సేయించుకుంటాడంట," అంది జోగమ్మ సంబరంగా.

ప్రదీప్ పొయ్యి మీద బకెట్ నీళ్ళు కుమ్మరించి, నర్సు కమలకుమారికి ఫోన్ చేశాడు. ఆమె అంబులెన్స్ వెంటబెట్టుకుని పావుగంటలో వచ్చింది. కృష్ణ మాత్రం ఎక్కనని గుమ్మం పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు రగతం ఇచ్చినావా బాబూ?" అన్నాడు ఒగురుస్తూ. "నేదంట కదా. సూదికి నువ్వే జడిసి ఈ గదిలో దూరితే, నన్నెల్లమంతావేటి?"

అందరూ ప్రదీప్ వైపు చూశారు. తప్పించుకునే దారి లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, ప్రభువుని తలుచుకుని, కమలకుమారి సూదికి చేయి చాపేశాడు. అది చూశాక కృష్ణ గుమ్మం వదిలి అంబులెన్స్ ఎక్కాడు.

"పిరికోడికి తోడుండాల కదా, నాదీ తియ్యమ్మా," అని నవ్వుతూ సుహాసిని కూడా చేయి చాపింది.

శనివారం కమలకుమారి కాగితాలు పట్టుకుని ఇంటికే వచ్చింది.

"నీ క్రియాటినిన్ పాయింట్ తొమ్మిది అన్నా, ఒకటి దాటనేదు. నిచ్చేపంలాగున్నావు."

"స్తోత్రం!" అని ప్రదీప్ గెంతేశాడు. కమలకుమారి నవ్వలేదు.

"వదినదే... మూడు పాయింట్ రెండొచ్చింది. జబ్బు సానా కాలం నుంచే ఉండుంటాది."

సుహాసిని కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పెట్టుకుంది.

"పదేళ్ళుగా ఎల్లు ఎల్లని నిన్ను సంపుకు తిన్నాను మావా. నువ్వొక్కపాలైనా నన్నెల్లమన్నావేటి?"

అతను ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. తన ఒంటి గురించి భయపడటంలోనే పదేళ్ళూ గడిపేశాడని, పక్కనున్న మనిషి ఒంటి గురించి భయపడటానికి తీరికే దొరకలేదని ఇప్పుడు తెలిసొచ్చింది.

రిపోర్టు బాగా వచ్చినందుకు ఆ సాయంత్రం నలుగురు ఫోన్ చేసి మరీ ప్రదీప్ కుమార్‌ని అభినందించారు.